ఉప్పుకొట్టు ఇంటికి నేను కట్టించిన గోడ

నా పదవీ విరమణ సభలో శాలువా కప్పిన పెద్దమనిషి మైకు అందుకుని, ఈ సారు కట్టించిన గోడ ఇంతవరకు ఒక్కటీ పడలేదని పొగిడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని దండ సర్దుకున్నాను. నిజానికి ఒకటి పడింది. ఆ సంగతి ఆ హాల్లో నాకూ, వెనక వరుసలో కూర్చున్న మా పాత వర్క్ ఇన్‌స్పెక్టరుకూ మాత్రమే తెలుసు. అతను చప్పట్లు కొట్టకుండా సమోసా తింటున్నాడు. కొత్తగా ఇంజనీరు ఉద్యోగాల్లో చేరిన మీరు ‘ఏదైనా అనుభవం చెప్పండి సార్’ అని మర్యాదగా అడుగుతున్నారు కాబట్టి ఆ గోడ సంగతే చెబుతాను. నా మిగతా అనుభవంలో సగం బిల్లుల మీద సంతకాలు, సగం టీలు.

రెండు వేల సంవత్సరం దాటాక నాలుగైదేళ్ళకు నన్ను దుమ్ముగూడెం సెక్షనుకు వేశారు. ఖమ్మంలో కూర్చున్నవాణ్ణి గోదావరి ఒడ్డుకు పంపితే మా శాఖలో దాన్ని బదిలీ అనరు, ‘ఎవరికి కోపం వచ్చింది?’ అని అడుగుతారు. నేను మధిర వైపు కాలువల కింద పుట్టిన మనిషిని. నీళ్ళంటే షట్టరు ఎత్తితే వచ్చేవి, దించితే ఆగేవి అని నా నమ్మకం. వర్క్ ఇన్‌స్పెక్టరుది ఏన్కూరు పక్కన ఒక ఊరు. అతను చెరువు తప్ప పెద్ద నీళ్ళు చూసి ఎరగడు. ఇలాంటి ఇద్దరికి గోదావరి ఒడ్డు అప్పగించిన మా శాఖ తెలివిని మెచ్చుకోవాల్సిందే.

ఆ ఒడ్డునే, పర్ణశాలకు పోయే దారిలో, ఒక ఊళ్ళో ఒక పాత ఇల్లు ఉండేది. ఊళ్ళో దాన్ని ఉప్పుకొట్టు ఇల్లు అనేవారు. రోడ్లు లేని కాలంలో ఉప్పు పడవల మీద గోదావరి ఎదురెక్కి వచ్చేదట. ఆ ఇంటివాళ్ళు దాన్ని దించుకుని, లోపలి అడవి గూడేలకు చింతపండుకూ కరక్కాయలకూ మారకం వేసేవాళ్ళు. బస్సులు వచ్చాక కొట్టు మూతపడింది. నేను వెళ్ళేనాటికి ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఒక్కతే ఉంది, ఆ కొట్టు నడిపినవాళ్ళ కోడలు. వాడకట్టు అంతా ఆమెను అవ్వా అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను.

ఒక పెద్ద అధికారి దేవుడి దర్శనానికి వెళ్తూ దారిలో కారు ఆపి ఆ ఇంటి అరుగు మీద మంచినీళ్ళు తాగాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు. ‘ఎంత అద్భుతమైన కట్టడం, దీన్ని కాపాడాలి’ అన్నాడు. అంతే, ఫైలు పుట్టింది. ముందు భాగంలో గిరిజనుల వెదురుబుట్టలు అమ్మే కౌంటరు పెట్టాలి, యాత్రికులు ఆగి కొనుక్కోవాలి, ఇల్లు బాగుపడాలి, వెనక అవ్వ ఎప్పటిలాగే ఉండవచ్చు. ఆయన నీళ్ళు తాగి ఊరుకుని ఉంటే ఆ ఇల్లు ఇవాళ్టికీ ఉండేది.

నేనూ ఇన్‌స్పెక్టరూ టేపు పట్టుకుని మూడు రోజులు కొలిచాం. మొత్తం బరువు పది టేకు స్తంభాల మీద ఉంది. స్తంభాలు నేలలో పాతలేదు, రాతి దిమ్మెల మీద నిలబెట్టారు. పైన గూన పెంకు. రెండు పక్కలా గోడలున్నాయి, ఛాతీ ఎత్తు దాకా రాయీ సున్నం, ఆపైన తడికకు మెత్తిన మట్టి. వీధి వైపూ నది వైపూ మాత్రం గోడ అనేదే లేదు. రెండు వైపులా పదకొండేసి టేకు పలకలు, కింద గడపలోనూ పైన దూలంలోనూ తొలిచిన గాడిలో ఒకదాని పక్కన ఒకటి దూర్చి మూస్తారు. పాత కిరాణా కొట్లకు ముందు వైపు అలాంటి పలకలు మీరూ చూసే ఉంటారు. వెనక కూడా ఎందుకున్నాయో నేను అడగలేదు. ప్రతి పలక అంచునా వరస తెలిసేలా ఉలితో గాట్లు పెట్టారు. నేల నది వైపుకు కొద్దిగా వాలి ఉంది. నేను దాన్ని ‘కుంగిన నేల’ అని రాసుకున్నాను. అటక దూలాలకు కూడా వరసగా గాడులున్నాయి, వాటి మీద మాత్రం ఏమీ లేదు. అవి ఎందుకో అర్థం కాక గీసిన బొమ్మలో ‘అలంకారం’ అని రాశాను. చదువుకున్నవాడికి అర్థం కానిదల్లా అలంకారమే.

పని మొదలుపెట్టే ముందు అవ్వ ఒప్పుకోవాలి. ఆమె పెంకులు మార్చడానికి ఒప్పుకుంది, బుట్టల కౌంటరుకు ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది.

“వెనక మాత్రం మూయకు సారూ. అది గోదారమ్మ తోవ. పెద్దనీళ్ళు వస్తే ఆమె గిటు నుంచి వచ్చి గటు పోతది. పలకలు తీసి, దీపం పెట్టి, రా తల్లీ పో తల్లీ అంటం. నా అత్త గట్లనే చేసింది, ఆమె అత్త గట్లనే చేసింది.”

“మూయనవ్వా.”

“నోటిమాటేనా, కాయితం మీద రాస్తవా?”

“రాస్తా.”

రాశాను కూడా. ‘యజమానురాలి మతపరమైన మనోభావాలను గౌరవించవలెను’ అని రాశాను. ఆమె నాకు వరద నీటి లెక్క చెబుతుంటే నేను భక్తి అనుకుని విన్నాను. దీపం అన్న మాట చెవిన పడగానే మనలాంటివాళ్ళకు మిగతా మాటలు వినపడవు.

ఫైలు మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఈఈ గారి బల్ల మీదకు వెళ్ళింది. ఆయన సుందరీకరణ అనే మాట లేకుండా అన్నం కూడా తినేవాడు కాదు. బొమ్మ చూసి ఎర్ర పెన్ను తీశాడు.

“వెనక అంతా చెక్కలేనా? సెక్యూరిటీ ఏదయ్యా? రేపు బుట్టలు ఎవడన్నా ఎత్తుకుపోతే నువ్వు జవాబు చెప్తావా?”

వెదురుబుట్టల కోసం దొంగ గోదావరి ఈదుకుంటూ వస్తాడా అని అడగాల్సింది. అడగలేదు. మనోభావాల సంగతి మాత్రం గొణిగాను. దానికి ఆయన నవ్వాడు. “దానికేముంది, గోడలో ఒక గూడు పెట్టించు. గోదావరి మాత పటం పెడదాం. ఆవిడా సంతోషిస్తుంది, ఫొటోకూ బాగుంటుంది.” నాకు ఆ ఆలోచన భలే నచ్చింది. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ నచ్చింది. ఇచ్చిన మాటకు ఇంత తేలిగ్గా దొడ్డిదారి దొరుకుతుందని నేను అనుకోలేదు.

అవ్వ చండ్రుగొండలో ఉన్న కూతురి దగ్గరికి పదిహేను రోజులు వెళ్ళింది, మనవరాలి కాన్పుకు. ఆ పదిహేను రోజుల్లోనే పని లాగించేశాం. వెనక వైపు ఈ చివర నుంచి ఆ చివరకు ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టరు. ముందు వైపు పలకలు తీసేసి ఇనుప రోలింగ్ షట్టరు. కుంగిన నేలను కాంక్రీటుతో సమం చేశాం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, కాపాడమన్న ఇంట్లో కాపాడాల్సింది ఒక్కటీ మిగల్చలేదు. ఇరవై రెండు టేకు పలకలూ లారీ ఎక్కాయి. ఈఈ గారు ‘ఇంత టేకు ఇప్పుడెక్కడ దొరుకుతుందయ్యా’ అన్నప్పుడే నాకు తెలిసిపోయింది అవి ఎక్కడ దిగుతాయో. గెస్ట్ హౌసులో భోజనాల బల్ల అయ్యాయి. ఆ బల్ల మీద నేను కూడా భోంచేశాను. పప్పు కలుపుతుంటే అంచున ఉలిగాట్లు వేళ్ళకు తగిలేవి.

అవ్వ తిరిగివచ్చి మూటైనా దించకుండా ఆ గోడ ముందు నిలబడింది.

“తోవ ఏది సారూ?”

నేను గూడు చూపించాను. అప్పటికే పటం పెట్టించి ప్లాస్టిక్ దండ కూడా వేయించాను.

“ఆమెకు గూడెందుకు? ఆమె ఏమన్న పిట్టనా?” అంది. మూట పట్టుకుని లోపలికి పోయింది. ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టరు నాతో, “ఆమెను చూస్తే మంచిగ అనిపిస్తలేదు సార్” అన్నాడు. ముసలివాళ్ళు మార్పును ఒప్పుకోరు, నాలుగు రోజులు పోతే అలవాటు పడతారు అని నేను అతనికి ఉపన్యాసం ఇచ్చాను.

ఎండాకాలంలో ప్రారంభోత్సవం జరిగింది. శిలాఫలకం ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య అయింది. ముందు వైపు అంతా షట్టరే, పక్కగోడలు ఛాతీ పైన మట్టివే. రాయి మోయగల గోడ ఇంట్లో ఒక్కటే ఉంది, నేను కట్టించింది. పటం ఉన్న గూడు పక్కనే నాయకుడి పేరుతో నల్లరాయి బిగించాం. ఆయన రిబ్బను కత్తిరించి, ఒక బుట్ట పట్టుకుని ఫొటో దిగి, అది అక్కడే వదిలేసి వెళ్ళాడు. తర్వాత ఆ కౌంటరు ఎన్నిసార్లు తెరిచారంటే, ఒకసారి. షట్టరు తాళంచెవి భద్రాచలం ఆఫీసులోనే ఉండిపోయింది.

శ్రావణంలో ఎగువన వానలు దంచాయి. భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక ఇచ్చారు, మర్నాడు పొద్దున్నే రెండోది ఇచ్చారు. వరద డ్యూటీలు వేస్తే నాకు ఆ ఊరే పడింది. తొమ్మిదింటికి జీపులో చేరేసరికి గోదావరి ఉప్పుకొట్టు ఇంటి వెనక కంచె దాకా వచ్చి ఉంది. పల్లపు వీధివాళ్ళను మిట్ట మీద ఉన్న బడికి పంపిస్తున్నారు. అవ్వ మాత్రం ఇల్లు కదలలేదు. ఆమె పక్కన నలుగురు కోయవాళ్ళు గడ్డపారలతో నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకాయన బాగా పెద్దవాడు.

వీళ్ళెవరని అడిగాను. ఇన్‌స్పెక్టరు కనుక్కుని చెప్పాడు. నీళ్ళు పెరిగితే లోపలి గూడెం నుంచి నలుగురు రావడం, పలకలు ఊడదీసి పైకెక్కించడం వాళ్ళ తాతల నాటి ఆనవాయితీ. అప్పట్లో ఆ కొట్లో ఉప్పు తడిస్తే గూడేలకు మళ్ళీ పడవ వచ్చేదాకా ఉప్పు లేదు. కొట్టు మూతపడి ముప్పై ఏళ్ళయినా వాళ్ళు రావడం మానలేదు. మనకు జీతమిచ్చి, జీపిచ్చి, ఆర్డరు చేతిలో పెడితే తప్ప కదలం.

పెద్దాయన ఇల్లంతా చూశాడు.

“పలకలు ఏడున్నయ్?”

“తీసేశారు,” అన్నాను, తీసింది ఇంకెవరో అన్నట్టు.

“మరి అటకెట్ల?”

ఆయన వేలు పెట్టి దూలాలు చూపించాడు. అలంకారం అని నేను రాసిన గాడులు. వెనక పదకొండు, ముందు పదకొండు పలకలు ఊడదీసి ఆ గాడుల్లో పరిస్తే అటకకు నేల తయారవుతుంది. ఉప్పు దాని మీద పెట్టేవారు, ఇప్పుడు వాడకట్టులోని కదల్లేని ముసలివాళ్ళు దాని మీద కూర్చుంటారు. కింద రెండు వైపులా తెరుచుకుంటుంది కాబట్టి నీళ్ళు స్తంభాల మధ్య నుంచి పోతాయి, దేన్నీ తోయవు. తగ్గేటప్పుడు నేల వాలు బురదను కూడా నదికే లాగేస్తుంది. బొమ్మ లేదు, లెక్క లేదు, మూడు మాటల్లో చెప్పాడు. నేను డిప్లొమా చదివిన మూడేళ్ళలో ఇంత చక్కని పాఠం ఎవరూ చెప్పలేదు.

“గోడ ఎవరు పెట్టిండ్రు?” అని అడిగాడు.

“నేనే.”

“ఎందుకు?”

“దొంగలు రాకుండా.”

నలుగురూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. తర్వాత పెద్దాయన గడ్డపార ఎత్తాడు. నేను అడ్డం నిలబడ్డాను. గోడ మీద నాయకుడి రాయి ఉంది. మూడు నెలల కింద ప్రారంభించిన సర్కారు ఆస్తి. పగలగొట్టింది ఎవరని రేపు అడిగితే నా పేరే చెప్పాలి.

“ఇది సర్కారు గోడ. పర్మిషన్ లేకుండా ముట్టుకుంటే కేసవుతది,” అన్నాను.

అవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“కొట్టనియ్యి సారూ. నీ గోడ నువ్వు మల్ల కట్టుకుందువు. నా ఇల్లు పోతే నేను మల్ల కట్టలేను.”

అంత సూటిగా చెప్పింది. ఒక్క మాట, ‘కొట్టండి’ అంటే సరిపోయేది. నేను చెయ్యి విడిపించుకుని, ఇన్‌స్పెక్టరును గోడకు కాపలా పెట్టి, పర్మిషన్ తెస్తానని జీపెక్కాను. నీళ్ళు పెరుగుతుంటే పర్మిషన్‌కు పోయినవాణ్ణి మీరు ఎక్కడైనా చూశారో లేదో, నేను మాత్రం రోజూ అద్దంలో చూస్తున్నాను.

మండలాఫీసులో వైర్‌లెస్ సెట్టు దగ్గర అరగంట నిలబడ్డాను. ఈఈ గారు సమీక్షా సమావేశంలో ఉన్నారు. మధ్యలో ఉన్నవాడు నా మాట ఆయనకు చేరవేసి, ఆయన మాట నాకు చేరవేశాడు. శిలాఫలకం ఉన్న గోడేనా అని అడిగారట. అవునన్నాను. ఇంకో పావుగంట పోయింది. ఫొటోలు, కొలతలు జతచేసి ప్రతిపాదన పంపించండి, పరిశీలిస్తాం అని జవాబు వచ్చింది. మీకు నవ్వొస్తుందేమో. నేను నవ్వలేదు. జేబులో నుంచి డైరీ తీసి ఆ జవాబు వచ్చిన టైము కూడా రాసుకున్నాను, రేపు పనికొస్తుందని.

తిరిగి వచ్చేసరికి కల్వర్టు మీద నడుములోతు నీళ్ళు. జీపు వదిలి, గట్టు చుట్టూ తిరిగి నడిచి బడి దగ్గరికి చేరాను. మిట్టమధ్యాహ్నపు ఎండ, మబ్బు విడిచింది. ఊరంతా బడి అరుగు మీద నిలబడి కిందికి చూస్తోంది. ఉప్పుకొట్టు ఇంటి వెనక నీళ్ళు గోడకు సగం దాకా లేచి ఉన్నాయి. ముందు వైపు, వీధిలో, మోకాలి లోతే. ఇటు పోవడానికి దారి లేక అటే పేరుకుంటున్నాయి. తాళం వేసిన షట్టరు ఎండలో మెరుస్తోంది.

ఇన్‌స్పెక్టరు నా పక్కకు వచ్చాడు. తల తిప్పకుండా చెప్పాడు.

“మీరు పోయినంక నేనే చెప్పిన సార్. నేను కళ్ళు మూసుకుంటా, జల్దీ కొట్టండి అన్న. కేసైతదని మీ సారు అన్నడు గద అని వాళ్ళే ఎనక్కి జరిగిండ్రు. నీళ్ళు పెరిగినంక అవ్వను గీడికి తోలుకొచ్చిండ్రు.”

నేను ఏ కేసూ పెట్టేవాణ్ణి కాదు. ఊరికే అన్నాను. కానీ అడవిలో వాసానికి కట్టె కొట్టినందుకు కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళకు ఆ మాట ఊరికే వినపడదు. ఇది నాకు ఆ అరుగు మీద నిలబడితే గానీ తట్టలేదు.

గోడ విరగలేదు. ఒకే పలకగా లోపలికి వాలింది. దాని దెబ్బకు రెండు స్తంభాలు దిమ్మెల మీద నుంచి జారాయి, వాటితో పాటు మిగతావి. పెంకుల కప్పు ఒక్కసారి కదిలి, మెల్లగా కిందికి కూర్చుంది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. పక్కనున్నవాళ్ళు అయ్యో అన్నారు. అవ్వ బడి స్తంభానికి ఆనుకుని కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆమె దగ్గరికి వెళ్ళే ధైర్యం లేకపోయింది. పడవలు లెక్కపెట్టే పని ఏదో పెట్టుకుని పక్కకు పోయాను.

నీళ్ళు తీసిన వారానికి విచారణ బృందం వచ్చింది. నాణ్యతా విభాగంవాళ్ళు బురదలో పడి ఉన్న నా గోడను సుత్తితో కొట్టి చూశారు. ఒక్క ఇటుక విడిపోలేదు. సిమెంటు పాళ్ళు సరిగ్గా ఉన్నాయి, నీళ్ళు బాగా పట్టించారు, చక్కని పనితనం అని రాశారు. నా సర్వీసులో ఏ గోడకూ అంత మంచి సర్టిఫికెట్ రాలేదు. ఇల్లు ఎందుకు పడిందన్న చోట మాత్రం కాగితం ఖాళీగా ఉంచి నా వైపు చూశారు.

అక్కడ రాయాల్సింది ఒక్క వాక్యం. గోడ వల్ల పడిందని రాస్తే, ఇల్లు మళ్ళీ కట్టివ్వాల్సింది శాఖే. పాతబడి, వరదకు పడిందని రాస్తే ఆమెకు వచ్చేది బియ్యం, టార్పాలిను, వీలున్నప్పుడు ఊరవతల కాలనీలో ఒక గది. ఈఈ గారు నన్ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. “నీకింకా పన్నెండేళ్ళ సర్వీసు ఉంది కదా,” అన్నారు. ఆయన బెదిరించలేదు. బెదిరించి ఉంటే కనీసం భయపడి రాశానని చెప్పుకునేవాణ్ణి. ‘పురాతన కట్టడం, శిథిలావస్థ, అసాధారణ వరద’ అని నా చేత్తో రాశాను.

పంచనామా మీద ఇంటి యజమాని వేలిముద్ర కావాలి. బడి అరుగు మీదే అవ్వ ఉంది. ఇన్‌స్పెక్టరు కాగితం చదివి వినిపించాడు. ఆమె మొత్తం విన్నది. ఇంకు డబ్బా పక్కకు జరిపి, అధికారులందరినీ వదిలేసి నన్ను అడిగింది.

“నాకు చదువు రాదు సారూ. వీళ్ళందరు ఇల్లు ముసల్దయ్యి పడ్డదంటున్నరు. కొలిచినోనివి నువ్వు. నువ్వు గూడ గదే అంటవా? నువ్వంటే ఏస్త.”

ఈఈ గారు గడియారం చూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు కాగితం వైపే చూస్తున్నాడు.

“అవునవ్వా,” అన్నాను.

ఆమె ఇంకు డబ్బా దగ్గరికి లాక్కుని వేలు ముంచి ముద్ర వేసింది.